ఆరు బిళ్ళల క్లచ్, 800 కిలోమీటర్ల ఓపిక

క్లచ్ జారడం కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డులో, నాలుగో గేరులో, ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ మీద కాలు బలంగా వేశాను. ఇంజిన్ గొంతు లేచింది. బండి లేవలేదు. ఆర్‌పీఎం ముల్లు 2500 దగ్గర నుంచి 3500 దాకా ఎగబాకితే, స్పీడోమీటరు ముల్లు మాత్రం తనకేమీ పట్టనట్టు ఉన్నచోటే ఉంది. కాలు తీసేసి లారీ వెనకే సర్దుకున్నాను. వెనక సీట్లో కునుకు తీస్తున్న మా అమ్మ లేచి, "ఏదో కాలుతోందిరా" అంది. కాలుతున్నది నా డబ్బేనని అప్పుడు చెప్పలేదు.

తప్పు బండిది కాదు, నాది. అది 2011లో మన దేశంలో విడుదలైన స్కోడా లారా వీఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, ఆరు గేర్లు, 160 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే మెలితిప్పే బలం. ఈ లెక్కలన్నీ చూసుకుని కంపెనీవాళ్లు దానికి తగిన క్లచ్ పెట్టారు. నేను ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించి (దీన్నే రీమ్యాప్ అంటారు) టార్క్‌ను 320 దాకా లాగాను. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద రెండో అంతస్తు లేపి, గోడ బీటలు వారిందని మేస్త్రీని తిడితే ఎలా?

రీమ్యాప్ చేయించుకున్నవాళ్లు "ఎంత పవర్ వచ్చింది" అని అడుగుతారే గానీ "ఎంత టార్క్ వచ్చింది, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వచ్చింది" అని అడగరు. క్లచ్‌కు హార్స్‌పవర్‌తో పని లేదు. తనను మెలితిప్పే బలమెంతో అదే దానికి లెక్క. పాతకాలపు టర్బో లేని ఇంజిన్లు ఆ బలాన్ని నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర గానీ ఇచ్చేవి కావు. ఈ టర్బో ఇంజిన్లు 1500 నుంచే మొత్తం ఇచ్చేస్తాయి. పై గేరులో, తక్కువ ఆర్‌పీఎం దగ్గర, ఎత్తు ఎక్కుతూ పూర్తిగా తొక్కామంటే క్లచ్‌కు అంతకన్నా గడ్డు పరీక్ష లేదు. అందుకే అరిగిన క్లచ్ మొదటి గేరులో బాగానే ఉన్నట్టు నటించి, నాలుగులోనో ఐదులోనో బయటపడుతుంది.

క్లచ్ ఎంత టార్క్ పట్టగలదో చెప్పే సూత్రం పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్ అనే ఇనుప చక్రానికి క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు నొక్కి పడుతుంది; క్లచ్ ప్లేటుకు రెండు వైపులా ఉండే రాపిడి పొరే లైనింగ్. రాపిడి జరిగే ముఖాలు రెండు, వాటి ఘర్షణ గుణకం, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, రాపిడి జరిగే సగటు వ్యాసార్థం: ఈ నాలుగింటినీ గుణిస్తే చాలు. లెక్క కోసం గుణకం 0.3, బలం 5500 న్యూటన్లు, వ్యాసార్థం 9.5 సెంటీమీటర్లు అనుకుందాం. జవాబు సుమారు 313 న్యూటన్ మీటర్లు. 250 ఇచ్చే ఇంజిన్‌కు ఇది హాయిగా సరిపోతుంది, 320 ఇచ్చే ఇంజిన్‌కు చాలదు. ఒకసారి జారడం మొదలైతే వేడెక్కుతుంది, వేడెక్కితే గుణకం పడిపోతుంది. అది 0.2కు దిగిందంటే అదే క్లచ్ 209 మాత్రమే పడుతుంది, అంటే కంపెనీ ఇచ్చిన అసలు టార్క్‌ను కూడా మోయలేదు. జారిన క్లచ్ ఇంకా ఇంకా జారడం వెనక ఉన్నది ఈ గుణకారమే.

ఈ సూత్రంలో ఒక విచిత్రముంది. రాపిడి జరిగే ప్రాంతపు వైశాల్యం అందులో ఎక్కడా కనిపించదు. ప్లేటు నిండా లైనింగ్ ఉన్నా, దాని బదులు విడివిడిగా ఆరు బిళ్ళలే ఉన్నా, పట్టే టార్క్‌ను తేల్చేది పదార్థం, బలం, వ్యాసార్థం మాత్రమే. బిళ్ళల క్లచ్ ఎక్కువ పడుతుందంటే అది బిళ్ళల ఆకారం మహిమ కాదు, వాటిలోని సిరామిక్, లోహపు పొడుల మిశ్రమం మహిమ. వైశాల్యం తగ్గినందుకు మూల్యం వేరేచోట కట్టాలి: వేడి కొద్దిచోట్లే పోగుపడుతుంది, ఫ్లైవీల్ త్వరగా గీరుకుపోతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నాకు కొంత డబ్బు మిగిలేది.

తెలియలేదు గనుక స్టేజీల మాయలో పడ్డాను. స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అంటూ పరీక్ష పాసయినట్టు క్లచ్‌లకు అంకెలు వేసి అమ్ముతారు. ఈ అంకెలకు ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. ఒక తయారీదారు స్టేజ్ 2 అన్నది ఇంకొకరి దగ్గర స్టేజ్ 1 కావచ్చు, మూడో చోట అసలు లేకపోవచ్చు. అడగవలసిన ప్రశ్నలు వేరు: ఎన్ని న్యూటన్ మీటర్లు పడుతుంది, లైనింగ్ ఏమిటి, మధ్యలో స్ప్రింగులున్నాయా, పెడల్ ఎంత బరువెక్కుతుంది. ఇవేమీ అడగకుండా పెద్ద అంకె పెద్ద గొప్పనుకుని, స్ప్రింగుల్లేని ఆరు బిళ్ళల సిరామిక్ ప్లేటు, దానితోపాటు తేలికపాటి సింగిల్ మాస్, అంటే ఒంటి ముక్క, ఫ్లైవీల్ తెప్పించాను. గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చానన్నమాట.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు ఆరు బిళ్ళల క్లచ్‌తో నిలబడ్డవాడికే ఆ బాధ తెలుస్తుంది. మామూలు క్లచ్ ప్లేటులో రెండు లైనింగుల మధ్య అలలు తిరిగిన పలుచని ఉక్కు రేకులుంటాయి. పెడల్ వదులుతుంటే ఆ అలలు మెల్లగా అణిగి, పట్టు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మనం హాఫ్ క్లచ్ అని పిలిచే సుఖమంతా ఆ రేకుల చలవే. నేను తెచ్చిన ప్లేటులో అవి లేవు. పెడల్ ప్రయాణంలో వేలెడంత దూరంలోనే అంతా జరిగిపోయేది: అయితే బండి కదలదు, లేకపోతే ఎగిరి దూకుతుంది. మా ఆవిడ ఒక్కసారి నడిపి, రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయాక, తాళాలు నా చేతిలో పెట్టి, "ఇది క్లచ్ కాదండీ, స్విచ్" అంది. ఈ విషయం మీద ఇన్నేళ్లలో నేను విన్న అత్యుత్తమ సాంకేతిక సమీక్ష అది.

ఫ్లైవీల్ గోల ఇంకొకటి. బండితో వచ్చిన ఫ్లైవీల్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య వంపు తిరిగిన స్ప్రింగులు కూర్చుని, ఇంజిన్ కొట్టే ఒక్కొక్క దెబ్బను గేర్‌బాక్స్‌కు చేరకుండా మింగేస్తాయి. ఈ డ్యూయల్ మాస్ పద్ధతిని జర్మనీకి చెందిన లూక్ సంస్థ 1985లో భారీ ఉత్పత్తిలోకి తెచ్చింది. అది తీసేసి ఒంటి ముక్క ఫ్లైవీల్ పెట్టి, ప్లేటులో కూడా స్ప్రింగులు లేకుండా చేస్తే ఆ దెబ్బలన్నీ గేరు పళ్లకే తగులుతాయి. బండి ఆగి ఉన్నప్పుడు, న్యూట్రల్‌లో, రేకు డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు చప్పుడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రెండు రోజులు మొహమాటపడి, మూడో రోజు "సార్, ఇంజిన్ ఆయిల్ ఒకసారి చూపించుకోండి" అన్నాడు. లక్ష రూపాయలకు పైగా పెట్టి బాగుచేయించిన బండి గురించి ఆ మాట వినడానికి గుండె నిబ్బరం కావాలి.

బిళ్ళల క్లచ్‌ను పూర్తిగా తీసిపారేయడం లేదు. చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలోనో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో పోటీలో దిగే బండికి అది తగినదే. అక్కడ గేరు మార్పు రెప్పపాటులో అయిపోవాలి, తేలికైన ప్లేటు అందుకు సాయపడుతుంది, వేడిని తట్టుకుంటుంది, నత్తనడకన పాకవలసిన పని ఉండదు. ఏడాదికి రెండు రోజులు ట్రాక్ మీద, మిగతా 363 రోజులు ఏలూరు రోడ్డు మీద తిరిగే బండికి అదెందుకు? ఆ రెండు రోజుల కోసం ఏడాది పొడవునా ఎడమకాలిని శిక్షించుకోవడం నాకు శౌర్యంగా కనిపించడం మానేసింది.

దీనికి వచ్చే సమాధానం ఎప్పుడూ ఒకటే: "రేపు ఇంకా పవర్ పెంచుకుంటే? కాస్త ఎక్కువ పట్టేది ఉంటే మంచిదే కదా." కాస్త అంటే ఎంత అన్నది తేల్చుకోవాలి. ఇంజిన్ ఇచ్చే దానికి పాతిక శాతం పైన ఉంచుకోవడం జాగ్రత్త. రెట్టింపు ఉంచుకోవడం మాత్రం మూర్ఖత్వం. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి తీగ చుట్టి పెడితే ఫ్యూజు పోదు, టీవీ పోతుంది. క్లచ్ కూడా అలాంటి ఫ్యూజే. ఏ పొరపాటు జరిగినా అది కాస్త జారి, గేరు పళ్లనూ డ్రైవ్ షాఫ్ట్‌నూ కాపాడుతుంది. అసలు జారని క్లచ్ పెట్టామంటే విరగడానికి ఇంకొకదాన్ని ఎంచినట్టే. పైగా ప్రెషర్ ప్లేటు బలం మరీ పెంచితే పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలం రిలీజ్ బేరింగ్ మీదుగా క్రాంక్ షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది, అక్కడి థ్రస్ట్ బేరింగ్ అరుగుతుంది. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి క్లచ్ తొక్కిపట్టే మన అలవాటుకు ఇది బాగా తోడవుతుంది.

ఏడు నెలలు భరించి, మళ్లీ ఆటోనగర్‌కు వెళ్లాను. అక్కడ నేను బాబాయ్ అని పిలిచే ఒక పెద్ద మెకానిక్ ఉన్నారు. మొదటిసారి ఆయన మాట వినకుండా బిళ్ళల ప్లేటు ఆయన చేతే వేయించాను, అయినా "నేను చెప్పాను కదా" అనలేదు. ఒక్కటే అడిగారు. "ఈ బండిలో రోజూ ఆఫీసుకు వెళ్తారా, పందేలకు వెళ్తారా?" ఆఫీసుకే అన్నాను. "అమ్మాయిగారు కూడా నడుపుతారా?" నడపాలన్నాను. "అయితే మళ్లీ మామూలు ఆర్గానిక్ ప్లేటుకే రండి. ప్రెషర్ ప్లేటు ఒకటే గట్టిది వేద్దాం."

పై సూత్రంలో ఆయన మాటను పెట్టి చూడండి. లైనింగ్ అదే 0.3, వ్యాసార్థం అదే. నొక్కే బలం ఒక్కటి 30 శాతం పెంచి 7150 చేస్తే 407 న్యూటన్ మీటర్లు వస్తాయి. నా 320కి పాతిక శాతానికి పైనే మిగులు. బిళ్ళలు లేవు, దూకుడు లేదు. నేను ఏడు నెలలు, ఒక ఫ్లైవీల్ ఖర్చు పెట్టి తెలుసుకున్నది ఆయన రెండు ప్రశ్నల్లో తేల్చేశారు. మధ్యలో కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన లైనింగ్ గురించి కూడా ఆలోచించాను. మెత్తగా పడుతుంది, చాలాకాలం వస్తుంది. కానీ అది కూర్చోవడానికి మరింత ఓపిక కావాలి, ఒక్కసారి బాగా కాలి పైపొర గాజులా మెరిసిందంటే మళ్లీ దారికి రాదు. ఆర్గానిక్ కాస్త కాలినా చల్లబడితే చాలావరకు కోలుకుంటుంది. నా కాలి మీద నాకున్న నమ్మకం దృష్ట్యా క్షమించే గుణమున్న దాన్నే ఎంచుకున్నాను.

గేర్‌బాక్స్ దించాక బాబాయ్ పాత ప్లేటు చూపించారు. బిళ్ళలు పెద్దగా అరగలేదు, ఫ్లైవీల్ మీద మాత్రం రికార్డు మీద గీతల్లా వలయాలు, వాటి మధ్య అక్కడక్కడా నీలం మచ్చలు. ఆ నీలం ఉక్కు అతిగా వేడెక్కిన గుర్తు. కొత్త డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ బిగించే ముందు ఇంజిన్ వెనక ఆయిల్ సీల్‌ను వేలితో తడిమి చూశారు, ఎందుకంటే ఒక్క చుక్క ఆయిల్ కొత్త లైనింగ్ మీద పడితే అంతా వృథా. ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ తుప్పు పట్టకుండా రాసిన నూనెపొరను బ్రేక్ క్లీనర్‌తో తుడిచారు, గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తుడిచారు. కుర్రవాడు ప్లేటును లైనింగ్ మీద చేయి వేసి పట్టుకోబోతే, "అంచు పట్టుకో, అంచు" అని గదిమారు. ప్రెషర్ ప్లేటు బోల్టులను వరసగా కాకుండా ఒకదానికి ఎదురుగా ఉన్నది ఇంకొకటి, ఒక్కొక్కటీ కొద్ది కొద్ది తిప్పులే బిగిస్తూ మూడు నాలుగు చుట్లు వచ్చారు. ఒకవైపే బిగిస్తే లోపలి స్ప్రింగు వంకర తిరుగుతుంది, ఆ తర్వాత జన్మలో పెడల్ వణుకు పోదు. చివర్లో టార్క్ రెంచి టక్ టక్మని పలికింది.

తాళాలిస్తూ, "800 కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పండి. గట్టిగా తొక్కకండి" అన్నారు.

నా గొడవంతా ఈ 800 గురించే. క్లచ్ ఎంపిక మీద గంటల తరబడి వాదించేవాళ్లు, బిగించిన మర్నాడే దాన్ని రోడ్డు మీద పరీక్షిస్తారు. "మొదటి రోజే గట్టిగా తొక్కితేనే బాగా కూర్చుంటుంది" అని సిద్ధాంతం కూడా చెబుతారు. ఆ మాట కొత్త ఇంజిన్ పిస్టన్ రింగుల గురించి కొందరు చెప్పేది. రింగులు సిలిండర్ గోడకు ఒరుసుకోవడానికి కొంత ఒత్తిడి కావాలన్న వాదనలో అర్థముంది. దాన్ని తెచ్చి క్లచ్‌కు అంటగట్టడం, జ్వరం మందు కంట్లో వేసుకున్నట్టు.

మా అమ్మమ్మ ఇంట్లో కొత్త రుబ్బురోలు తెస్తే మొదటి రోజే మినపప్పు వేసేవారు కాదు. తవుడు వేసి రుబ్బి పారబోసేవారు, మళ్లీ తవుడు, మళ్లీ పారబోత. ఉలి గాట్ల కొసలు రాలి, రోలూ పొత్రమూ ఒకదానికొకటి అలవాటు పడ్డాకే పప్పు. కొత్త లైనింగ్, కొత్త ఇనుము కూడా అంతే. కంటికి నున్నగా కనిపించినా వాటి మీద ఎగుడుదిగుళ్లుంటాయి, మొదట్లో ఆ ఎత్తైన చోట్లే ఒకదాన్నొకటి తాకుతాయి. ప్లేటు మొత్తం మోయవలసిన బరువును ఆ కొద్ది చోట్లు మోస్తాయి. అప్పుడు గట్టిగా తొక్కితే అక్కడే వేడి చేరి, లైనింగ్‌లోని జిగురు పైకి తేలి గాజుపొరలా గడ్డకడుతుంది. మెల్లగా పట్టి వదులుతూ పోతే ఎత్తులు అరిగి, లైనింగ్ నుంచి పలుచని పొర ఇనుముకు అంటుకుని, పట్టు ముఖమంతా పరుచుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు కాస్త వాసన వస్తే కంగారు పడనక్కరలేదు. పొగ వస్తే మాత్రం పడాలి.

ఎంత మెల్లగా అన్నదానికి కూడా ఒక లెక్క ఉంది. చదునైన రోడ్డు మీద ఇంజిన్ వేగాన్ని ఒకేచోట నిలిపి క్లచ్ వదిలితే, బండికి ఎంత శక్తి చేరుతుందో దాదాపు అంతే క్లచ్‌లో వేడిగా పోతుంది. మొదటి గేరులో 1000 ఆర్‌పీఎంకు బండి గంటకు 8 కిలోమీటర్ల వేగం అందుకుంటుందనుకోండి. 1400 కిలోల బండికి ఆ వేడి మూడున్నర కిలోజౌళ్లు. కుర్రకారు సిగ్నల్ దగ్గర చేసినట్టు 4000 దగ్గర వదిలితే వేగం నాలుగు రెట్లు, వేడి పదహారు రెట్లు, అంటే 55 కిలోజౌళ్లు. అంతా రెండు క్షణాల్లో, అదీ కొద్ది ఎత్తుల మీదే. రోలు సంగతి గుర్తుంటే ఇక ఏం జరుగుతుందో నేను చెప్పనక్కరలేదు.

హైవే కిలోమీటర్లను లెక్కలో వేసుకునే తెలివితేటలు మరో రకం. "హైదరాబాద్ వెళ్లివచ్చాను, 550 అయిపోయాయి" అంటారు. హైవే మీద ఆరో గేరులో పోతున్నప్పుడు క్లచ్ పూర్తిగా పట్టి ఉంటుంది, అక్కడ రాపిడే లేదు. టోల్ గేట్లూ టీ దుకాణాలూ కలుపుకున్నా పెడల్ తొక్కినవి పదుల్లోనే. బెంజి సర్కిల్ నుంచి వన్ టౌన్ దాకా సాయంత్రం వెళ్తే అంతకన్నా ఎక్కువసార్లు తొక్కుతాం. 800 అన్నది దూరానికి కొలత కాదు, పట్టి వదిలిన సార్లకు కొలత. బెజవాడ ట్రాఫిక్ నాకు జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ 800లో ఎక్కువ భాగం నడిపింది నేను కాదు. మూడో రోజే నాకు కాలు దురద మొదలైంది. భవానీపురం దగ్గర ఖాళీ రోడ్డు కనిపిస్తే రెండో గేరులో సగం దాకా తొక్కి, వెంటనే తప్పు చేసినవాడిలా వదిలేశాను. ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ తాళాలు తీసుకుంది. పిల్లల స్కూలు, కూరగాయల మార్కెట్, వాళ్లమ్మగారి ఇల్లు. 1200 ఆర్‌పీఎం దాటకుండా, తొందర లేకుండా, హాఫ్ క్లచ్‌లో వేలాడకుండా వదలడం ఆమెకు సహజంగానే వచ్చు. రోజూ రీడింగు ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రాసేది, పాల లెక్క పక్కనే. ఇంజిన్ల గురించి రాత్రంతా మాట్లాడగలిగే మాలాంటివాళ్లకు కొత్త క్లచ్ అప్పగించకూడదని నాకు గట్టిగా అనిపిస్తోంది. కారంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చేది మాత్రమే అనుకునేవాళ్లే దీనికి అసలైన నిపుణులు.

ఐదు వారాలు పట్టింది. కాగితంలో 812 పడ్డ రోజున, "ఇక మీ ఇష్టం" అని తాళాలు ఇచ్చింది. మర్నాడే పూర్తి బలం వాడలేదు. ఇంకో వంద కిలోమీటర్లు సగం, ముప్పావు అంటూ పెంచుకుంటూ వెళ్లాను. పెడల్ కొంచెం బరువు, అది తప్పదు. పట్టు మొదలయ్యే చోటు మొదటి వారంలో ఉన్నదానికన్నా కాస్త జరిగి ఒకచోట స్థిరపడింది, మొదట్లో ఉన్న సన్నని వణుకు పోయింది. న్యూట్రల్‌లో గోలీల చప్పుడు లేదు. వాచ్‌మన్ ఆయిల్ గురించి అడగడం మానేశాడు.

శివరాత్రి రద్దీ తగ్గాక మళ్లీ శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల దాటాక అదే ఘాట్, ముందు ఇంకో లారీ. దాటేముందు మూడో గేరు వేశాను. నిజానికి ఆరోజు కూడా మూడే వేసి ఉండాలి, నాలుగులో 2500 దగ్గర తొక్కడమే నేను చేసిన మొదటి తప్పు. లారీ దాటి, మలుపు తిరిగి, ముందు రోడ్డు ఖాళీగా ఉందని చూసుకున్నాక నాలుగు వేసి పరీక్ష కోసం ఒక్కసారి పూర్తిగా తొక్కాను. ముళ్లు రెండూ కలిసి లేచాయి.